జంట గొట్టాల చెకుముకి తుపాకీని శుభ్రం చేసే ముందు

2013 జనవరిలో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో పాత ఫిరంగికి తుప్పు వదిలిస్తుంటే లోపల గుండు, దాని వెనక 800 గ్రాములకు పైగా తుపాకిమందు బయటపడ్డాయి. 1780లో మునిగిన బ్రిటిష్ యుద్ధనౌక హుస్సార్‌ది ఆ ఫిరంగి. మందు ఇంకా పేలే స్థితిలోనే ఉందని పోలీసులు చెప్పారు. అలాంటప్పుడు, ఇంగ్లండ్‌లో ఏ ప్రభువు బంగళా గోడకో రెండు వందల ఏళ్లు పొడిగా వేలాడిన వేట తుపాకీని ఖాళీదని ఎలా నమ్ముతాం? జోసెఫ్ మాంటన్, డర్స్ ఎగ్ లాంటి లండన్ నిపుణులు చేసిన తుపాకీ వేలంలో కొన్నా, వారసత్వంగా వచ్చినా, గుడ్డా నూనే తీసే ముందు ఇది చదవండి.

రెండో బ్యారెల్

లోపల మందు మిగిలి ఉందేమోనని చాలామంది కర్ర దించి చూస్తారు. కానీ ఒక్క బ్యారెల్‌లోనే చూస్తారు. ప్రమాదమంతా అక్కడే. వేటలో మామూలుగా కుడి బ్యారెల్ ముందు పేలుతుంది. పక్షి పడితే ఎడమది నిండుగానే మిగులుతుంది. మూతి నుంచి కూరిన మందును పేల్చాలి, లేదంటే మరచుళ్లున్న కడ్డీతో ఓపిగ్గా లాగాలి. ఆ ఓపిక లేనివాళ్లు అలాగే గోడకు తగిలించారు. ఒకటి ఖాళీ అయితే రెండోదీ ఖాళీ అనుకోకండి.

పరీక్ష

ముందు ప్రతి బ్యారెల్‌కూ రంజకపు పళ్లెం (నిప్పురవ్వ పడి అంటుకునే మందు పోసే చిన్న గిన్నె) మూతను ముందుకు తోసి తెరవండి. గుర్రం (చెకుముకి రాయిని పట్టుకుని ఉండే మీట) ఎత్తి ఉంటే బొటనవేలితో పట్టుకుని మెల్లగా దించండి. మూత తెరిచాకే దించాలి, లేకపోతే చేయి జారినప్పుడు చెకుముకి రాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వ రాలుతుంది. తర్వాత రాళ్లు రెండూ తీసేయండి.

సుమారు 12 మి.మీ. మందం ఉన్న చెక్క కర్రను, పక్కన నిలబడి, మూతిలోంచి ఆగేదాకా దించండి. ముఖం, అరచేయి మూతి ఎదుటికి రాకూడదు. మూతి అంచు దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టి, కర్ర తీసి, అదే గుర్తు మూతి దగ్గరుండేలా బ్యారెల్ పైన ఆనించండి. కర్ర కొస రంజకపు రంధ్రం (పళ్లెం నుంచి బ్యారెల్ లోపలికి నిప్పు వెళ్లే చిన్న బెజ్జం) దాకా రావాలి. 1787లో లండన్ తుపాకీ తయారీదారు హెన్రీ నాక్ పేటెంట్ చేసిన తరహా బ్రీచ్‌లో (బ్యారెల్ వెనక కొసను మూసే భాగం) చివరి గది సన్నం కాబట్టి కర్ర ఒకటి రెండు సెంటీమీటర్ల ముందే ఆగవచ్చు. ఐదారు సెంటీమీటర్లు తక్కువైతే మాత్రం లోపల మందు, అట్టబిళ్లలు, సీసపు గుళ్లు ఉన్నట్టే లెక్క.

ఇప్పుడు రెండో బ్యారెల్. మళ్లీ మొదటి నుంచి. రెండు గుర్తులూ ఒకేచోట పడ్డాయని ధీమా పడకండి, రెండూ నిండి ఉన్నా ఒకేచోట పడతాయి. దేని గుర్తును దాని రంధ్రంతోనే పోల్చాలి.

నిండి ఉంటే

పని ఆపండి. పాత తుపాకులు తెలిసిన గన్‌స్మిత్‌కు (తుపాకులు బాగుచేసే నిపుణుడు) ఫోన్ చేసి, ఆయన చెప్పేదాకా కదిలించకండి. నీళ్లు పోశాం కదా అని వదిలేయకండి, తడిసిన మందు ఆరితే మళ్లీ అంటుకుంటుంది.

మిగతావి:

- పేల్చి ఖాళీ చేద్దామనుకోకండి. గుళ్లు ముందుకు జారి మధ్యలో ఖాళీ ఏర్పడి ఉంటే బ్యారెల్ చీలిపోతుంది.
- బ్రీచ్ ఊడదీయడానికి మంట చూపొద్దు.
- రంధ్రంలో డ్రిల్ పెట్టొద్దు.
- పిడి మీది వెండి బిళ్లకు పాలిష్ రాయొద్దు. వంశ చిహ్నం అరిగిపోతే తుపాకీ ఎవరిదో చెప్పే సాక్ష్యం పోయినట్టే.
- బ్యారెల్ గోధుమరంగు పూతను ఇనుప పీచుతో రుద్దొద్దు.
- మరలు చేత్తో ఒక్కోటీ అమర్చినవి. విప్పితే అట్టముక్కకు వరసగా గుచ్చండి, తారుమారు చేయొద్దు.
- రెండు బ్యారెళ్ల మధ్య అతుకులోకి నీళ్లు వెళ్లనివ్వొద్దు, లోపలి తుప్పు పైకి కనబడదు.
- పాత ప్రూఫ్ ముద్రలు (బ్యారెల్ బలాన్ని పరీక్షించాక కొట్టే గుర్తులు) నేటి హామీ కావు. కాల్చాలంటే ఆ పరీక్ష చేసే ప్రూఫ్ హౌస్‌లో మళ్లీ పరీక్ష చేయించాలి.
- పొగరాని ఆధునిక మందు ఎప్పుడూ వద్దు.
- బ్రిటన్‌లో అలంకారంగా ఉంచుకుంటే సర్టిఫికెట్ అక్కర్లేదు. కాల్చాలంటే షాట్‌గన్ సర్టిఫికెట్ కావాలి.
- భారత్‌కు తెచ్చే ఆలోచన ఉంటే ముందే లైసెన్స్ సంగతి తేల్చుకోండి. 1959 ఆయుధాల చట్టం ఇచ్చే మినహాయింపు, బాగు చేసినా పేలని పాత ఆయుధాలకే.
- పిల్లల చేతికి ఇవ్వొద్దు.
- ఫొటో కోసం గుర్రం ఎత్తొద్దు.
- చేతులు మారిన ప్రతిసారీ కర్ర దించండి. రెండింట్లోనూ.