కమర్షియల్ కాంప్లెక్స్‌లో దొంగకు దారులెక్కడ? వెతికి మూసేయడం ఎలా?

2019 అక్టోబర్ 2న తమిళనాడులోని తిరుచిరాపల్లిలో లలితా జ్యువెలరీ షోరూం నుంచి సుమారు 13 కోట్ల రూపాయల నగలు పోయాయి. దొంగలు ముందు షట్టర్ జోలికే వెళ్లలేదు. వెనక గోడకు మనిషి దూరేంత కన్నం పెట్టి లోపలికి వచ్చారు. ముఖాలకు జంతువుల మాస్కులు పెట్టుకున్నారు, పోలీసు జాగిలాలకు వాసన చిక్కకుండా కారప్పొడి చల్లారు. షోరూంలో కెమెరాలు ఉన్నాయి, ముందువైపు కాపలా కూడా ఉంది. వెనక గోడ వైపే ఎవరి చూపూ లేదు.

మన ఊళ్లలోని కాంప్లెక్సుల్లోనూ పరిస్థితి ఇలాగే ఉంటుంది. కింద మెడికల్ షాపు, మొబైల్ షాపు, మొదటి అంతస్తులో గోల్డ్ లోన్ ఆఫీసు, పైన కోచింగ్ సెంటర్, సెల్లార్‌లో పార్కింగ్. ఎవరి షాపుకు వాళ్లు గట్టి తాళమే వేసుకుంటారు. మెట్లు, డాబా, సెల్లార్, ఖాళీగా పడి ఉన్న షాపు మాత్రం ఎవరికీ పట్టవు. వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మొదటి పని: బిల్డింగ్ మొత్తం తిరిగి చూడండి

పగలు ఒకసారి, షాపులన్నీ మూసేశాక రాత్రి ఇంకోసారి తిరగండి. ఓనరు తరఫున ఒకరు, అద్దెకున్నవాళ్లలో ఒకరు, వాచ్‌మన్, ముగ్గురూ కలిసి వెళ్తే మంచిది. వాచ్‌మన్‌ను తప్పకుండా వెంటబెట్టుకోండి. ఏ కిటికీకి గొళ్లెం పడదో, ఏ లైటు ఎన్నాళ్లుగా వెలగట్లేదో అతనికి తెలిసినంతగా ఓనరుకు తెలియదు.

పక్క బిల్డింగ్ డాబా మీది నుంచి మన డాబా మీదకు దాటొచ్చా? డ్రైనేజీ పైపు, సన్‌షేడ్ పట్టుకుని మొదటి అంతస్తు కిటికీ దాకా ఎక్కొచ్చా? గోడకు అవతల ఏముంది: ఖాళీ స్థలమా, పాడుబడ్డ ఇల్లా, టులెట్ బోర్డు పెట్టిన షాపా? కరెంటు మీటర్ల బోర్డు ఎవరైనా చెయ్యి పెట్టేలా బయటే ఉందా? కనిపించిన ప్రతిదాన్నీ ఫొటో తీసి, దాన్ని ఎవరు చూసుకోవాలో పక్కన పేరు రాయండి. ఎవరి పేరు రాయాలో తేలని చోట్లే ముందుగా బాగుచేయించాల్సినవి.

రెండో పని: షట్టర్లు, గోడలు

రోలింగ్ షట్టర్‌కు రెండు పక్కలా తాళాలు వేసి సరిపెట్టుకుంటారు. వెడల్పాటి షట్టర్ అయితే ఆ తాళాలను ముట్టుకోకుండానే మధ్యలో గడ్డపార దూర్చి పైకి లేపొచ్చు. రేకు వంగి, మనిషి పాకేంత సందు వస్తుంది. అందుకే మధ్యలో నేలలోకి దిగే సెంటర్ లాక్ ఉండాలి. పక్క తాళాలకు కట్టర్ అందకుండా చుట్టూ మందపాటి ఇనుప కవర్ వెల్డింగ్ చేయించండి. మేస్త్రీకి ఇది చిన్న పనే.

నగలు, మొబైళ్లు, తాకట్టు బంగారం ఉండే చోటుకు ఆనుకుని ఖాళీ షాపు ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ గునపానికి ఎంతోసేపు ఆగదు. పైగా కన్నం వేసేవాడు ఖాళీ షాపులో షట్టర్ దించుకుని కూర్చుంటే రోడ్డు మీది వాళ్లకు తెలిసే అవకాశమే లేదు. లాకర్‌ను ఆ గోడకు ఆనించి పెట్టకండి. గోడకు అదురును పసిగట్టే వైబ్రేషన్ సెన్సర్ పెట్టిస్తే కన్నం మొదలైనప్పుడే అలారం మోగుతుంది. ఆ షాపు తాళం ఎవరి దగ్గరుందో, వారానికోసారి ఎవరు తెరిచి చూస్తారో ఓనరుతో తేల్చుకోండి. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు సరుకు దించకుండా రోజుల తరబడి షట్టర్ సగం మూసే ఉంచుతున్నారంటే వెంటనే చెప్పాల్సిన విషయమే.

బాత్రూం వెంటిలేటర్లకు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రాలకు గ్రిల్స్ గోడలోకి దిగేలా బిగించాలి. బయటి నుంచి స్క్రూ విప్పగలిగితే ఆ గ్రిల్ ఉన్నా లేనట్టే.

మూడో పని: మనుషులు బయటపడే దారికి తాళం వేయకండి

దొంగల భయంతో చాలాచోట్ల చేసే పని ఇదే: వెనక మెట్ల గేటుకు గొలుసు, డాబా తలుపుకు పెద్ద తాళం. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో మంటలు లేచినప్పుడు బాల్కనీలో బయటపడే దారులు మూసుకుపోయి ఉన్నాయి. 59 మంది చనిపోయారు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచినప్పుడు, పై అంతస్తులో పనిచేస్తున్న ఆరుగురు యువతీయువకుల ప్రాణాలు పొగ తీసింది. దయచేసి ఈ విషయంలో రాజీ పడకండి.

రెండు అవసరాలూ తీరే మార్గం ఉంది. డాబా తలుపుకు, ఎమర్జెన్సీ మెట్ల తలుపుకు పానిక్ బార్ పెట్టించండి. లోపలివైపు అడ్డంగా ఉండే ఆ కడ్డీని తోస్తే తాళంచెవి లేకుండానే తలుపు తెరుచుకుంటుంది. బయటివైపు పిడే ఉండదు కాబట్టి డాబా మీద నుంచి వచ్చినవాడు తెరవలేడు. తలుపు తెరిస్తే మోగే చిన్న అలారం కూడా తగిలించండి. మెట్ల మీద పేర్చిన అట్టపెట్టెలు, పాత కుర్చీలు ఆ రోజే తీయించేయాలి.

నాలుగో పని: కెమెరాలు నిజంగా పనికొస్తున్నాయో చూడండి

తెలియని మనిషిని ముఖం చూసి గుర్తుపట్టాలంటే దృశ్యంలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు (చిత్రంలోని చుక్కలు) కావాలని సీసీ కెమెరాల 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం చెప్పింది. 2 మెగాపిక్సెల్ కెమెరా చిత్రానికి అడ్డంగా ఉండేవి 1920 పిక్సెళ్లు. అంటే సుమారు 7.7 మీటర్ల వెడల్పు దాకానే ముఖం పోల్చుకోగలం. 20 మీటర్ల సెల్లార్ మొత్తానికి ఒకే కెమెరా పెడితే మీటరుకు దక్కేది 96 పిక్సెళ్లే. ఎవరో బండి తీసుకెళ్లారని కనిపిస్తుంది, ఎవరో తెలియదు. అందుకే మెట్ల మొదట్లో, లిఫ్ట్ ముందు, గేటు దగ్గర, అంటే అందరూ ఇరుగ్గా నడవాల్సిన చోట ఒక్కో కెమెరాను ముఖం కనిపించే ఎత్తులో పెట్టించండి. మరీ పైన బిగిస్తే టోపీలు, హెల్మెట్లే రికార్డవుతాయి.

ఇప్పుడు స్టోరేజీ. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకు 21.6 జీబీ అవుతుంది. ఎనిమిది కెమెరాలకు 30 రోజులంటే 5 టీబీ (ఒక టీబీ అంటే వెయ్యి జీబీ) దాటుతుంది. 1 టీబీ హార్డ్‌డిస్క్ ఆరు రోజులు కూడా రాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం ఒకేసారి వంద మంది గానీ, రోజుకు 500 మంది గానీ వచ్చే సంస్థలు ఫుటేజీని 30 రోజులు దాచాలి. కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టె, అంటే మీ డీవీఆర్‌లో అన్నిటికంటే పాత తేదీ ఏదో ఇవాళే తెరిచి చూడండి.

డీవీఆర్‌ను క్యాష్ కౌంటర్ కింద పెడితే దొంగ దాన్నీ పట్టుకుపోతాడు. వేరే గదిలో తాళం ఉన్న ఇనుప బాక్సులో పెట్టి, గేటు కెమెరా రికార్డింగ్ క్లౌడ్‌కు (ఇంటర్నెట్‌లో దాచే చోటుకు) కూడా వెళ్లేలా చేయండి. మీటర్ల బోర్డు దగ్గర మెయిన్ ఆపేస్తే కెమెరాలన్నీ ఆగిపోతాయా? అయితే యూపీఎస్ పెట్టించి, బోర్డుకు తాళం వేయండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ అలాగే ఉంటే ఇప్పుడే మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) లక్షల కొద్దీ కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి అలాంటి పాస్‌వర్డులతోనే చొరబడింది.

చివరగా ఒక పరీక్ష. రాత్రి లైట్లు ఆపాక తెలిసినవాళ్లను మెట్లెక్కమని చెప్పి, ఆ రికార్డింగ్‌ను వెనక్కి తిప్పి చూడండి. కెమెరా అద్దం మీద సాలెగూడు ఉంటే చీకట్లో చూడటానికి కెమెరా వదిలే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దానికే తగిలి బొమ్మంతా తెల్లగా వస్తుంది. ఇది పగటిపూట బయటపడదు.

ఐదో పని: తాళంచెవులు, వాచ్‌మన్

ఏ తాళంచెవికి ఎన్ని నకళ్లున్నాయో, ఎవరి దగ్గరున్నాయో రిజిస్టర్‌లో రాయండి. పనిమానేసినవాళ్ల దగ్గర ఒక్కటి మిగిలినా తాళం మార్చేయడమే.

వాచ్‌మన్ ఒక్కడే ఉంటాడు. పగలు మోటారు వేయాలి, పార్సిళ్లు తీసుకోవాలి, కార్లు సర్దాలి. అతన్నే రాత్రంతా మెలకువగా ఉండమనడం అన్యాయం. రాత్రికి వేరే మనిషిని పెట్టండి. ఏజెన్సీ ద్వారా తీసుకుంటే, 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద వాళ్లకు లైసెన్సు ఉందో లేదో అడగండి. డాబా మీద, సెల్లార్ చివర క్యూఆర్ స్టిక్కర్లు అంటించి, రౌండుకు వెళ్లినప్పుడల్లా స్కాన్ చేయమనండి. దొంగ ఎదురుపడితే కలబడవద్దని, దూరంగా వెళ్లి 112కి ఫోన్ చేయమని గట్టిగా చెప్పండి.

ఇంత చేసినా దొంగతనం జరిగితే

షట్టర్‌ను, తాళాలను ముట్టుకోకండి, లోపల ఊడ్చకండి. కెమెరాలు చూసుకునే టెక్నీషియన్‌ను పిలిచి డీవీఆర్ రీసెట్ చేయించకండి. పాత దృశ్యాల మీద కొత్తవి రికార్డయ్యేలోగా పోలీసుల సమక్షంలో ఫుటేజీ కాపీ తీయించాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఆ కాపీ కోర్టులో నిలవాలంటే దానికి సర్టిఫికెట్ జతచేయాలి. డీవీఆర్ గడియారం అసలు సమయం కన్నా ముందుందో, వెనకుందో, ఎన్ని నిమిషాల తేడా ఉందో అప్పుడే రాసి ఫిర్యాదుతో పాటు ఇవ్వండి.