చలికాలం ముందు గార్టర్ పాములున్న ఇళ్ళకు: ఆ చవక చేపల జోలికి పోకండి

పోయిన శనివారం రాత్రి పదకొండున్నరకు ఒహాయో నుంచి మా బావమరిది వీడియో కాల్ చేశాడు. "బావా, పాము ఎందుకో మెలికలు తిరుగుతోంది, ఒకసారి చూడు" అని ఫోన్ ట్యాంకు దగ్గర పెట్టాడు. మేనల్లుడు పెంచుకునే రెండడుగుల గార్టర్ పాము. తల పైకెత్తి వెనక్కి వాల్చేసింది, కప్పు వైపు చూస్తున్నట్టు. వాడు వేలితో మెల్లగా తిప్పితే వెల్లకిలా పడింది, మళ్ళీ బోర్లా తిరగలేకపోయింది. నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "ఏం పెడుతున్నార్రా దానికి?"

"చేపలే బావా. షాపులో దొరికే చిన్న గోల్డ్‌ఫిష్‌లు. ఆగస్టు నుంచీ అవే తింటోంది, బాగానే ఉంది కదా!"

బాగా లేదు. తెల్లవారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. పన్నెండేళ్ళ మా మేనల్లుడు ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట.

ఇలా పోయిన పాముల్లో నేను చూసింది ఇది మూడోది. మూడూ ఒకే తప్పుతో పోయాయి. అందుకే ఇది రాస్తున్నాను. మూత బిగించడం, నీళ్ళ గిన్నె మార్చడం లాంటివి రాయను. పాము ఇంటికొచ్చిన రోజే మీ పిల్లలు యూట్యూబ్ చూసి అవన్నీ మీకు నేర్పేసి ఉంటారు. ఇండియాలో ఉన్నవాళ్ళకు ఒక్క మాట: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన పాముల్ని ఇంట్లో పెంచడం నేరం. గార్టర్ పాము మన నీరుకట్టెకు చుట్టమే, కానీ దాని సొంతూరు ఉత్తర అమెరికా. ఈ రాత ఇక్కడ, అమెరికా కెనడాల్లో, పిల్లల పోరు పడలేక పాము తెచ్చిన తెలుగువాళ్ళ కోసం.

ఆ తప్పు ఏమిటంటే

గోల్డ్‌ఫిష్, రోజీ రెడ్ అనే చిన్న ఎర్ర చేప. పెట్ షాపుల్లో "ఫీడర్", అంటే మేత చేపలు, అని రాసిన తొట్టెల్లో చవగ్గా దొరికేవి ఎక్కువగా ఈ రెండే. వీటి ఒంట్లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పాము చేపను మింగితే ఆ ఎంజైమ్ కూడా లోపలికి పోయి బి1 విటమిన్‌ను విరగ్గొట్టేస్తుంది. బి1 లేకపోతే నరాలు, మెదడు పని చేయవు. ముందు వణుకు, తర్వాత గురి తప్పడం, తర్వాత మెలికలు, ఫిట్స్, ఆ తర్వాత చావు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1930ల్లో మిన్నెసోటాలో ఒక నక్కల ఫారంలో పచ్చి కార్ప్ చేపలు మేపితే నక్కలు కాళ్ళు పడిపోయి చచ్చిపోయాయి. ఆ ఫారం యజమాని పేరు మీదే దాన్ని ఇప్పటికీ చాస్టెక్ పక్షవాతం అంటారు. గోల్డ్‌ఫిష్ ఆ కార్ప్ కుటుంబంలోదే. మిషిగన్ సరస్సులోనూ ఇదే కథ నడిచింది. ఎల్‌వైఫ్ అనే చేపలో థయమినేజ్ ఎక్కువ. దాన్నే తిన్న లేక్ ట్రౌట్‌ల గుడ్లలో బి1 సరిపోక పిల్లలు చచ్చిపోతున్నాయని శాస్త్రవేత్తలు తేల్చారు. చేపను తిన్న చేపకే ఆ గతి పడితే పాముకు వేరుగా ఉంటుందా?

జనం ఎక్కడ మోసపోతారో చెప్తాను. ఒక్క గోల్డ్‌ఫిష్ తింటే ఏమీ కాదు, పది తిన్నా పైకి ఏమీ కనపడకపోవచ్చు. వారాలు, నెలలు గడుస్తాయి. పాము చక్కగా తింటుంది, కుబుసం విడుస్తుంది, పిల్లలు ఫొటోలు పెడతారు. "ఇన్నాళ్ళూ ఏమీ కాలేదుగా" అనుకుంటూ ఉండగానే ఒంట్లో ఉన్న బి1 నిల్వ ఖాళీ అయిపోతుంది, ఒక రాత్రి తల వాలుతుంది. మా బావమరిది అన్న ఆ "బాగానే ఉంది కదా" అనే మాట మూడు ఇళ్ళలోనూ విన్నాను.

ఫ్రీజర్లో పెడితే ఆ ఎంజైమ్ చావదు. ఇది రెండుసార్లు చదవండి. ఫ్రీజర్లో పెట్టి తీసినంత మాత్రాన గోల్డ్‌ఫిష్ మంచి మేత అయిపోదు. ఉడికిస్తే ఎంజైమ్ నశిస్తుంది, నిజమే. కానీ ఆ ఉడుకులో చేపలో ఉన్న బి1 కూడా కొంత పోతుంది, పైగా చాలా పాములు ఉడికిన చేపను ముట్టవు కూడా. అంత తంటా పడేకన్నా ఆ చేపనే కొనకపోతే సరి.

చలికాలమే ఎందుకంటే

ఎండాకాలమంతా వానపాములతో గడిచిపోతుంది. చేపల వేటకు ఎరలమ్మే దుకాణంలో నైట్‌క్రాలర్లు అనే పెద్ద వానపాములు డజన్ల లెక్కన దొరుకుతాయి, వాన పడితే పెరట్లో ఊరికే దొరుకుతాయి. మా వైపు అక్టోబరు దాటాక ఆ దుకాణాలు ఒక్కొక్కటే మూసేస్తారు, నేల గడ్డకడుతుంది. ఇంట్లో మాత్రం పాము ఆకలితో మూత మీద ముక్కు రుద్దుతుంటుంది. అప్పుడు కళ్ళ ముందు కనపడేది ఆ చవక తొట్టె. కౌంటర్ దగ్గర పిల్లాడిని అడిగితే "అందరూ ఇవే తీసుకెళ్తారు" అంటాడు. అతని తప్పు కాదు. తొట్టె మీద ఫీడర్ అనే రాసి ఉంటుంది మరి.

కాబట్టి ఇప్పుడే, దుకాణాలు మూయకముందే, సరుకు తెచ్చి పెట్టుకోండి. చవగ్గా అయ్యే దారులు ఉన్నాయి.

అన్నిటికన్నా సులువు తిలాపియా చేప ఫిలే, అంటే ముల్లు తీసిన ముక్క. మామూలు సూపర్ మార్కెట్లో ఒక ఫ్రోజెన్ ప్యాకెట్ కొంటే ఒక పాముకు నెలల తరబడి వస్తుంది. మా ఇంట్లో ఎలా చేస్తామో చెప్తాను. ఫిలే సగం కరిగాక కత్తి బాగా తెగుతుంది. అప్పుడు నిలువుగా చిటికెన వేలి కన్నా సన్నటి పేలికలుగా కోస్తాం. ఒక్కో పూటకు సరిపడా మూడు నాలుగు పేలికలు చిన్న జిప్ కవర్లో పెట్టి, కవర్ మీద తేదీ రాసి ఫ్రీజర్లో పడేస్తాం. పెట్టే రోజున కవర్‌తో సహా గోరువెచ్చటి నీళ్ళలో ఇరవై నిమిషాలు. వేళ్ళతో నొక్కి చూస్తే మధ్యలో గట్టిగా తగలకూడదు. లోపల మంచు ఉంటే పాము కక్కేస్తుంది. ఫిలేలో ఎముక ఉండదు, అంటే కాల్షియం ఉండదు. అందుకని సరీసృపాల కాల్షియం పొడి, విటమిన్ పొడి చిటికెడు అద్ది పెడతాం. సాల్మన్, ట్రౌట్ కూడా పెట్టొచ్చు. మన వంటింట్లో ఉప్పూ పసుపూ పట్టించి పెట్టిన ముక్కలు మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు. ఇండియన్ స్టోర్‌లో తెచ్చిన బొచ్చె, రోహు కూడా వద్దు. అవీ కార్ప్ కుటుంబమే.

చేప ఒక్కటే పెడితే చాలదు. పింకీలు, అంటే బొచ్చు రాని ఎలుక పిల్లలు, గడ్డకట్టించినవి పెద్ద ప్యాకెట్‌గా తెప్పించుకుంటే ఒక్కోటి చవగ్గా పడుతుంది. ఎముకలతో సహా మింగుతుంది కాబట్టి కాల్షియం అందులోనే వస్తుంది. పెద్ద పాముకు వారానికోసారి పెడితే చాలు. ముందు వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. పింకీని చేప ముక్కతో గానీ వానపాముతో గానీ రుద్ది పెట్టండి, చాలా పాములు అలాగే దారికొస్తాయి. ఫ్రీజర్లో ఎలుకలంటే మా ఆవిడ నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. గరాజ్‌లో చిన్న ఫ్రీజర్ కొన్నాక సంధి కుదిరింది.

నైట్‌క్రాలర్ల డబ్బాలు ఫ్రిజ్‌లో వారాల తరబడి బతికే ఉంటాయి, మట్టి కాస్త తడిగా ఉండాలి, అంతే. ఇంట్లో గప్పీ చేపల తొట్టె ఉంటే అప్పుడప్పుడూ ఒకటి వేయొచ్చు. మేతకు మంచివని పెంపకందార్లు వాడే చేపల్లో గప్పీ ఒకటి.

వానపాముల్లోనూ ఒక మోసముంది. పెరట్లో గోంగూర, బెండ వేసి పక్కనే కంపోస్ట్ డబ్బా పెట్టుకున్న ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. ఆ డబ్బాలో సన్నగా, ఎర్రగా, చారలతో ఉండే పురుగులు రెడ్ విగ్లర్లు. పట్టుకుంటే పసుపుపచ్చటి జిగురు కారుస్తాయి, పాడు కంపు. ఆ జిగురు పాముకు విషం. "వానపామేగా నాన్నా" అని పిల్లలు అందులోంచి తీసి పెడతారు. ముందే చూపించి చెప్పండి.

ఇక మిగతావి. వరసా వావీ లేకుండా, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు:

గోల్డ్‌ఫిష్ వద్దు. రోజీ రెడ్ వద్దు. "ఈ ఒక్క వారానికే" అని కూడా వద్దు.

స్మెల్ట్, ఆంచోవీ వద్దు. వాటిలోనూ థయమినేజ్ ఉంది.

ఇన్నాళ్ళూ గోల్డ్‌ఫిష్ పెట్టిన వాళ్ళు ఈ రోజే ఆపండి. పాము బాగానే ఉన్నా సరే సరీసృపాల డాక్టర్‌కు ఆ సంగతి చెప్పండి. తొందరగా పట్టుకుంటే బి1 ఇంజెక్షన్‌తో కోలుకునే అవకాశం ఉంది. మెలికలు మొదలయ్యాక తెల్లారేదాకా ఆగితే ఏమవుతుందో పైన రాశాను.

పాముల్ని చూసే డాక్టర్ ఎక్కడున్నారో ఇప్పుడే వెతికి నంబర్ ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. రాత్రి పన్నెండింటికి వెతికితే కుక్కల్నీ పిల్లుల్నీ చూసేవాళ్ళే దొరుకుతారు.

ఒకే ట్యాంకులో రెండు పాములుంటే మేత వేళ విడదీయండి. ఒకే చేపను రెండు చివర్ల నుంచి మింగుతూ వచ్చి ఒకటి రెండోదాన్నే మింగేస్తుంది. కథ కాదు, జరుగుతుంది.

ఆకుపచ్చ రంగు అద్దిన ఎర వానపాములు కొనొద్దు.

మందు చల్లిన లాన్‌లో పురుగులు ఏరొద్దు.

చెరువులో పట్టిన కప్పలు, చేపలు పెట్టొద్దు. లోపల పురుగులుంటాయి.

తిన్నాక రెండు రోజులు చేతిలోకి తీసుకోవద్దు. చుట్టాలొచ్చారని అసలు తీయొద్దు.

ట్యాంకులో ఒక వైపు 85 ఫారన్‌హీట్ దగ్గర వెచ్చదనం ఉండాలి. కరెంటు పోయిన రోజు మేత పెట్టొద్దు. చల్లబడిన పాము అరిగించుకోలేదు.

చలికాలం నిద్రపుచ్చాలనుకుంటే, చల్లబరచడానికి రెండు వారాల ముందే మేత ఆపండి. ఎలా చేయాలో తెలియకపోతే నిద్రపుచ్చొద్దు.

మైక్రోవేవ్‌లో పింకీ కరిగించొద్దు. పాము మేతకు మన వంట గిన్నెలూ, మన సింకూ వాడొద్దు.

ఫ్రీజర్ చలికి సాల్మొనెల్లా చావదు. పింకీ ముట్టుకున్నాక, పామును ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్ళలోపు పిల్లల చేతికి పాము ఇవ్వొద్దు. ఏడ్చినా ఇవ్వొద్దు.

నాగుల చవితి వస్తోంది. అమ్మావాళ్ళు ఇండియా నుంచి వచ్చి ఉంటే ట్యాంకులో పాలు పోయనివ్వొద్దు. పాలు పాములకు అరగవు. దండం పెట్టుకోమనండి, పసుపూ కుంకుమా ట్యాంకు బయట అద్దానికి పెట్టమనండి.

వారం రోజులు ఊరెళ్తే పక్కింటివాళ్ళకు మేత పని అప్పజెప్పొద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము నీళ్ళుంటే వారం ఆగుతుంది. వాళ్ళు పాపం జాలిపడి గోల్డ్‌ఫిష్ తెచ్చి వేస్తారు. నేను చూసిన ఆ మూడు పాముల్లో ఒకదాని కథ అలా మొదలైందే.

నిన్న మళ్ళీ బావమరిది ఫోన్ చేశాడు. "మామయ్యను అడుగు, ఇంకో పాము తెచ్చుకోవచ్చా" అంటున్నాడట మేనల్లుడు. ముందు ఫ్రీజర్లో తిలాపియా కవర్లు ఎన్ని ఉన్నాయో ఫొటో తీసి పంపమన్నాను. ఇంకా రాలేదు.