పీహెచ్‌డీ చివరి దశలో సెలవు: దరఖాస్తు విధానం, గడువు లెక్క

పరిశోధన చాలావరకు పూర్తయి, థీసిస్ రాత సగంలో ఉండగా సెలవు పెట్టవలసి రావడం అరుదేమీ కాదు. అనారోగ్యం, ప్రసవం, ఇంట్లో మంచాన పడ్డ పెద్దల సంరక్షణ, వదులుకోలేని ఉద్యోగం వంటి కారణాలు ఎవరికైనా ఎదురవుతాయి. అయితే ఈ దశలో నష్టపోయినవారిని గమనిస్తే, సెలవు దొరకనివారికన్నా, సెలవు మంజూరైందన్న ధీమాతో థీసిస్ గడువు దాటబెట్టుకున్నవారే ఎక్కువగా కనిపిస్తారు. అందుకే ఇక్కడ దరఖాస్తు నింపడం గురించి కొద్దిగా, గడువు లెక్క గురించి వివరంగా చెప్పుకుందాం.

విధానం క్లుప్తంగా ఇది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ కారణంతో సెలవు కావాలో రాసి, ఆధార పత్రాలు జతచేసి, గైడ్ ద్వారా, శాఖాధిపతి ద్వారా పరిశోధన విభాగానికి పంపాలి. వైద్య కారణమైతే డాక్టరు సర్టిఫికెట్, ఆ సెమిస్టరు వరకు ఫీజు కట్టిన రసీదు, చివరి ప్రగతి నివేదిక ప్రతి సాధారణంగా సరిపోతాయి. కార్యాలయంలో ఇచ్చినప్పుడు ఇన్‌వర్డ్ నంబరు (కాగితం అందినట్టు రిజిస్టరులో రాసుకునే సంఖ్య), తేదీ వేయించుకున్న నకలును మీ దగ్గర ఉంచుకోండి. సెలవు మొదలయ్యాక ఇచ్చే దరఖాస్తుకు విలువ తక్కువ. ప్రమాదం, అత్యవసర చికిత్స వంటి సందర్భాల్లో తప్ప ముందుగానే ఇవ్వాలి.

అసలు చిక్కు గడువు దగ్గర ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో నోటిఫై చేసిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం కోర్సు వర్కుతో (మొదట్లో చదవవలసిన తరగతులతో) కలిపి కనీస కాలం 3 ఏళ్లు, గరిష్ఠ కాలం ప్రవేశం పొందిన తేదీ నుంచి 6 ఏళ్లు. ఆ తర్వాత విశ్వవిద్యాలయం తన సొంత నియమాలను అనుసరించి రీ-రిజిస్ట్రేషన్ ద్వారా గరిష్ఠంగా మరో 2 ఏళ్లు ఇవ్వవచ్చు, కానీ మొత్తం 8 ఏళ్లు దాటకూడదు. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి ఇంకో 2 ఏళ్ల సడలింపు ఉంది. వారికి మొత్తం 10 ఏళ్లు దాటకూడదు. ఈ లెక్కంతా ప్రవేశం పొందిన తేదీ నుంచి నడుస్తుందే తప్ప, మధ్యలో తీసుకున్న సాధారణ సెలవును తీసివేసి లెక్కించాలని ఆ నిబంధనలు చెప్పవు.

ఉదాహరణకు 2023 జనవరిలో చేరిన పరిశోధకుడు 2027 జూలై నుంచి ఏడాది పాటు సెలవు తీసుకున్నాడనుకుందాం. తన ఆరేళ్లు 2030 జనవరికి జరిగాయని అతను అనుకుంటాడు. విశ్వవిద్యాలయం రికార్డులో మాత్రం గడువు 2029 జనవరే. 2028 జూలైలో తిరిగి చేరేసరికి అతని చేతిలో ఉండేది ఆరు నెలలు. అందులోనే ప్రీ-సబ్మిషన్ ప్రజెంటేషన్ (థీసిస్ సమర్పణకు ముందు పరిశోధనను వివరించడం), సారూప్యత తనిఖీ (కాపీ ఉందేమో చూడడం), నో డ్యూస్ (బకాయిలు లేవన్న పత్రం) అన్నీ పూర్తి కావాలి. కాబట్టి మంజూరు ప్రొసీడింగ్స్ (ఉత్తర్వు) చేతికి రాగానే అందులో సెలవు కాలాన్ని గరిష్ఠ వ్యవధిలో కలిపారా, మినహాయించారా అన్నది చూడండి. ఆ వాక్యం లేకపోతే కలిపినట్టే భావించి పని ప్రణాళిక వేసుకోవడం మంచిది. మినహాయించామని ఎవరైనా నోటిమాటగా చెబితే, ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మని అడగడంలో తప్పు లేదు, మొహమాటపడవలసిన అవసరమూ లేదు.

థీసిస్ రాసుకోవడానికే సెలవు కావాలనుకునేవారు దరఖాస్తుకు ముందు ఒకసారి ఆలోచించాలి. పూర్తికాలపు పరిశోధకుడికి రాయడానికి విశ్వవిద్యాలయం నుంచి సెలవు అక్కర్లేదు, రాయడం కూడా పరిశోధనలో భాగమే. పైగా సెలవులో ఉన్నవారిని ప్రీ-సబ్మిషన్‌కు, థీసిస్ సమర్పణకు అనుమతించని విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. సమయం చాలదన్నదే సమస్య అయితే అడగవలసింది సెలవు కాదు, గడువు పొడిగింపు లేదా రీ-రిజిస్ట్రేషన్. దానికి దరఖాస్తు వేరు, ఆరేళ్లు ముగియకముందే అది కార్యాలయానికి చేరాలి. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా పరిశోధన చేస్తున్నవారికి సెలవు ఇవ్వవలసింది యజమాని. ప్రవేశ సమయంలో ఇచ్చిన ఎన్‌ఓసీలో (నిరభ్యంతర పత్రంలో) పరిశోధనకు తగిన సమయం ఉంటుందని, అవసరమైతే కోర్సు వర్కు కోసం విధుల నుంచి రిలీవ్ చేస్తామని యజమాని రాసిచ్చి ఉంటారు. థీసిస్ రాతకు సెలవు ఆ పత్రంతో దానంతట అదే రాదు కాబట్టి, సంస్థ సర్వీసు నియమాల కింద విడిగా దరఖాస్తు చేయాలి.

ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయే మరో చోటు పరిశోధన సలహా కమిటీ సిఫారసు. గైడ్ సంతకం ఉంటే చాలనుకుని పంపిన కాగితం, కమిటీ మినిట్స్ జతచేయలేదని వారాల తర్వాత వెనక్కి వస్తుంది. పరిశోధకుడు ప్రతి సెమిస్టరులో ఈ కమిటీ ముందు హాజరై ప్రగతి వివరించాలి. ప్రగతి సంతృప్తికరంగా లేకపోతే కమిటీ కారణాలు నమోదుచేసి దిద్దుబాటు సూచిస్తుంది. అదీ అమలు కాకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేయవచ్చు. సెలవు ఉత్తర్వు లేకుండా సమీక్షకు రాకపోతే ఆ గైర్హాజరు మీకు వ్యతిరేకంగా నమోదవుతుంది. అందుచేత సెలవుకు ముందు జరిగే సమీక్షలోనే విషయాన్ని కమిటీ ముందుంచి, ఏ అధ్యాయాలు పూర్తయ్యాయో, తిరిగొచ్చాక మిగిలింది ఎన్ని నెలల్లో ముగిస్తారో ఒక పేజీలో రాసి ఇవ్వండి. దరఖాస్తుపై గైడ్ కేవలం ‘ఫార్వర్డెడ్’ అని సంతకం చేస్తే సెక్షన్‌లో దాన్ని సిఫారసుగా తీసుకోకపోవచ్చు. ‘రికమెండెడ్’ అని కూడా రాయమని మర్యాదగా అడగండి.

మహిళా పరిశోధకులకు పీహెచ్‌డీ మొత్తం కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి సెలవు లేదా శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చని నిబంధనల్లో ఉంది. ఇది పైన చెప్పిన 2 ఏళ్ల సడలింపుకు అదనంగా, విడిగా ఉన్న సౌకర్యం. ఒకటి వాడుకుంటే రెండోది పోతుందని ఎవరైనా అంటే ఆ నిబంధన చూపించమని కోరండి. పెళ్లయి వేరే ఊరికి వెళ్లవలసి వచ్చినవారు సెలవుల మీద సెలవులు పెట్టి చివరకు మానుకునే ముందు, షరతులకు లోబడి పరిశోధనను మరో సంస్థకు బదిలీ చేసుకునే వీలు కూడా నిబంధనల్లో ఉందని తెలుసుకోవాలి.

ఫెలోషిప్ పొందుతున్నవారు దరఖాస్తు ప్రతిని ఆ విభాగానికీ ఇవ్వాలి. సెలవు నెలలకు కూడా ధ్రువీకరణ వెళ్లి డబ్బు ఖాతాలో పడితే, తర్వాత తిరిగి కట్టవలసి వస్తుంది.

ఈ పనులన్నీ చేయించిపెడతామని, పాత తేదీతో ఉత్తర్వు తెప్పిస్తామని, పనిలో పనిగా థీసిస్ కూడా పూర్తి చేసిస్తామని చెప్పేవారు ఎదురవుతారు. వారికి డబ్బు ఇవ్వకండి. పాత తేదీ వేసిన కాగితం ఇన్‌వర్డ్ రిజిస్టరుతో సరిపోలకపోతే బాధ్యత దానిపై సంతకం చేసిన మీదే అవుతుంది. కదలని ఫైలు గురించి మీ దగ్గరున్న ఇన్‌వర్డ్ నంబరుతో సెక్షన్‌లోనే అడగవచ్చు. జవాబు రాకపోతే ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

సెలవు ముగిసిన మర్నాడే జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, గైడ్ సంతకంతో దాని ప్రతి తీసుకోండి. వైద్య కారణంతో సెలవు పెట్టినవారు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచేయాలి. ఈ రిపోర్టు లేకుండా లైబ్రరీకి, ల్యాబుకు వెళ్లి పని మొదలుపెట్టినా, రికార్డులో మీరు ఇంకా సెలవులోనే ఉంటారు.