రెండో కాన్పుకు ముందు: పెద్దబిడ్డ ఎంగిలితో జాగ్రత్త

మా చెల్లెలికి ఇప్పుడు మూడో నెల. పెద్దోడికి రెండేళ్లు. మొన్న కొండ దిగే బస్సులో వాడు లడ్డు సగం కొరికి, జొల్లుతో సహా అమ్మ చేతిలో పెట్టాడు. ప్రసాదం పారేయకూడదని అది నోట్లో వేసుకోబోతుంటే నేనే ఆపాను. "టార్చ్ టెస్టులో సైటోమెగలో వైరస్‌కి ఐజీజీ పాజిటివ్ అన్నారు కదక్కా. అంటే ఎప్పుడో వచ్చి పోయినట్టేగా, మళ్లీ భయమెందుకు?" అంది.

టార్చ్ అంటే గర్భిణులకు ఇన్ఫెక్షన్ల కోసం చేసే రక్తపరీక్ష. ఐజీజీ అంటే వైరస్ సోకాక దాన్ని పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీ. ఈ వైరస్ కడుపులో బిడ్డకు సోకితే చెవుడు రావచ్చు, అదీ నా భయం. తిరకాసంతా ఆ 'వచ్చి పోయింది' అన్న మాటలోనే ఉంది. మొదటి సంగతి, అది వచ్చి పోదు, ఒంట్లోనే నిద్రపోతుంది. రెండోది, అందులో చాలా రకాలున్నాయి. ఆటలమ్మ వైరస్ దీనికి చుట్టమే, రెండూ హెర్పిస్ కుటుంబానివే. కానీ ఆటలమ్మ వైరస్‌ను ఏ ఊళ్లో చూసినా యాంటీబాడీలకు ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది. ఇది అలా కాదు. దీని పైపొరలో జీబీ, జీహెచ్ అనే ప్రొటీన్లు రకాన్ని బట్టి కొంచెం మారతాయి. యాంటీబాడీలు పట్టుకునేది ముఖ్యంగా వాటినే. పాత రకానికి తయారైన యాంటీబాడీకి కొత్త రకం పూర్తిగా చిక్కకపోవచ్చు.

అమెరికాలో 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో, గర్భానికి ముందే ఈ వైరస్ సోకిన తల్లుల రక్తాన్ని పరీక్షించారు. ల్యాబుల్లో ఏళ్లుగా పెంచుతున్న ఏడీ169, టౌన్ అనే రెండు రకాల జీహెచ్‌తో పోల్చి చూశారు. కడుపులో బిడ్డకు వైరస్ సోకిన 16 మంది తల్లుల్లో 10 మందికి అంతకుముందు లేని యాంటీబాడీలు కనిపించాయి. అంటే వాళ్లకు ఇంకో రకం తగిలిందన్నమాట. బిడ్డకు సోకని 30 మందిలో అలాంటివాళ్లు నలుగురే.

అలాగని ఐజీజీ పాజిటివ్ చూసి హడలిపోనక్కర్లేదు. మన దేశంలో ఎక్కువమంది ఆడవాళ్లకు అది పాజిటివే. తొలిసారి గర్భంలోనే సోకితే నూటికి 30-40 మందిలో బిడ్డకు చేరుతుంది, ముందే సోకి ఉంటే ఆ ముప్పు చాలా తక్కువ. ఆ రిపోర్టు ఒక్కటీ చూసి గర్భం తీయించుకోవాలనుకోవడం ఘోరం.

టీకా ఇంకా లేదు, కాబట్టి చేతుల్లో ఉన్నది శుభ్రతే. చిన్నపిల్లల ఉమ్మిలో, మూత్రంలో ఈ వైరస్ నెలల తరబడి ఉంటుంది. బిడ్డ వదిలేసిన సంగటి ముద్ద మీరు తినకండి. అన్నం వృథా చేయకూడదన్న మాట నిజమే, ఈ తొమ్మిది నెలలు ఆ పని ఇంకెవరికైనా అప్పజెప్పండి. చెంచా, గ్లాసు, బ్రష్ వేరుగా ఉంచండి. ముద్దు నుదుటి మీద పెట్టండి, పెదవుల మీద వద్దు. తడిసిన నిక్కరు మార్చినా, ముక్కు తుడిచినా సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగండి. ఈ వైరస్ పైపొర కొవ్వుది, మామూలు సబ్బుకే చెదిరిపోతుంది. బిడ్డను ఎత్తుకోవడానికి, పక్కలో పడుకోబెట్టుకోవడానికి భయపడొద్దు. అంగన్‌వాడీలో పనిచేసే గర్భిణులకు ఇదంతా రెండింతలు అవసరం.

కాన్పయ్యాక అనుమానముంటే 21 రోజుల్లోపే బిడ్డ మూత్రం గానీ ఉమ్మి గానీ పరీక్ష చేయించాలి. ఆ గడువు దాటితే వైరస్ కడుపులో సోకిందో, పుట్టాక సోకిందో తేల్చడం కష్టం. సోకిందని తేలితే వినికిడి పరీక్ష ఒక్కసారితో వదిలేయకండి. పుట్టినప్పుడు బాగా విన్న బిడ్డకు కూడా ఏడాదికో రెండేళ్లకో చెవుడు రావచ్చు.