అరకు ఘాట్‌కి జెర్సీ లోపల ఏం వేసుకోవాలి?

మొదటిసారి డిసెంబరులో సైకిల్ మీద అరకు వెళ్లినప్పుడు జెర్సీ లోపల మామూలు కాటన్ బనియన్ వేసుకున్నాను. తెల్లవారుజామున విశాఖలో బయలుదేరి శృంగవరపుకోటలో ఇడ్లీలు తినేదాకా ఏ ఇబ్బందీ లేదు. అక్కణ్ణుంచి ఘాట్. చెమటలు కక్కుకుంటూ ఎక్కాను. ఆ రోజు మబ్బు పట్టి ఉంది, పది దాటినా మంచు విడలేదు. గాలికొండ దగ్గర టీకి ఆగానో లేదో, పది నిమిషాల్లో పళ్లు టకటకలాడటం మొదలైంది. గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికి సగం టీ గ్లవ్స్ మీదే ఒలికింది. మరుగుకి వెళ్లి బనియన్ విప్పి పిండితే నీళ్లు ధారగా కారాయి. టీ కొట్టామె జాలిపడి పాత పేపరు ఇస్తే, దాన్ని జెర్సీ లోపల గుండెకి అడ్డంగా పెట్టుకుని అరకు దాకా దిగాను.

కాటన్ తడిని పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. చలిలో సైకిల్ తొక్కేవాళ్లకి దానితో పని లేదని ఆ రోజే తేలిపోయింది. ఆ తర్వాత మిగిలిన ప్రశ్నల్లా మెరినో (ఆ జాతి గొర్రెల సన్నటి ఉన్ని) బనియనా, పాలిస్టర్ బనియనా అన్నది. ఇప్పుడు నా దగ్గర రెండూ ఉన్నాయి. కొత్తగా మాతో రైడ్‌కి వచ్చే అమ్మాయిలు "అక్కా, ఏది కొనమంటావు?" అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: చెమట ఆగిపోయాక నువ్వు ఎక్కడుంటావు? ఇంట్లో ఫ్యాన్ కిందా, కొండ మీదా?

ఎందుకో చెప్తాను. పాలిస్టర్ పోగు నీళ్లు తాగదు. దాని బరువులో నూటికి ఒక వంతు తేమ కూడా లోపలికి పోదు. పోగుకీ పోగుకీ మధ్య ఉన్న సన్నటి సందుల్లోంచి చెమట పైకి పాకి, బట్ట మీద పల్చగా పరుచుకుని, గాలికి ఆరిపోతుంది. తొక్కుతున్నంతసేపూ ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కాకపోతే ఆగిన తర్వాత కూడా ఆ తడి ఆరుతూనే ఉంటుంది, ఆరుతూ ఒంట్లో వేడిని లాక్కుపోతుంది. గాలికొండ దగ్గర మనకి అక్కర్లేనిది అదే.

ఉన్ని సంగతి వేరు. ఆవిరిగా ఉన్న చెమటని పోగు తన లోపలికే పీల్చుకుంటుంది. దాని బరువులో ఇంచుమించు మూడో వంతు తేమ పట్టినా చేతికి పెద్ద తడిగా అనిపించదు. పైగా పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడి కూడా పుడుతుంది. తెలంగాణలో కురుమలు దక్కని గొర్రెల ఉన్నితో నేసే గొంగడి కప్పుకుని కాపరులు వానలో కూడా మందని తోలుకెళ్తారంటే ఈ గుణమూ ఒక కారణమే. గొంగడిని ఒంటికి నేరుగా తగిలించుకుంటే మాత్రం గీరుకుని చస్తాం. దాని పోగు లావు. బనియన్లకి వాడే మెరినో పోగు 17 నుంచి 19 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంత సన్నం కాబట్టి చర్మానికి తగిలితే గుచ్చుకోకుండా వంగిపోతుంది.

మెరినోకి ఒక లోపం ఉంది, అమ్మేవాళ్లు చెప్పరు. ఒకసారి నిండా తడిసిందంటే తొందరగా ఆరదు. మా బాల్కనీలో రెండింటినీ బకెట్లో ముంచి, తువ్వాల్లో చుట్టి పిండి, పక్కపక్కనే ఆరేసి చూశాను. వంట పూర్తయ్యేసరికి పాలిస్టర్‌ది ఆరిపోయింది. మెరినోది భోజనాలయ్యాక కూడా చంకల దగ్గర చెమ్మగానే ఉంది.

అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. బీచ్ రోడ్ నుంచి భీమిలి దాకా పొద్దున్నే వెళ్లి రావడానికి మెరినో దండగ. నిజం చెప్పాలంటే విశాఖ ఉక్కకి ఏ బట్టా మంత్రం వెయ్యలేదు. గాల్లోనే అంత తేమ ఉంటే చెమట ఆరేదెక్కడ? చేతుల్లేని, జల్లెడలాంటి చిల్లుల పాలిస్టర్ బనియన్ ఒకటి చాలు. అది కూడా జెర్సీ వీపుకి అంటుకుపోకుండా ఉండటానికే. మే నెలలో నేను అదీ వెయ్యను.

అరకు, లంబసింగి లాంటి చోట్లకి చలికాలంలో వెళ్తే పల్చటి మెరినో, 150 జీఎస్ఎం. జీఎస్ఎం అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. 200, 250 వి వెచ్చగా ఉంటాయి కదా అని కొనకండి. మన ఘాట్లు ఎక్కేటప్పుడు అందులో ఉడికిపోతారు. చలెక్కువైతే పైన గాలిని ఆపే పల్చటి జాకెట్ వేసుకోవచ్చు, దిగేటప్పుడు ఎలాగూ అది కావాలి.

మా ఆయనకి మాత్రం ఈ సలహా పనికిరాదు. ఆయనకి చెమట ఎక్కువ. దముకు వ్యూ పాయింట్ దాటకముందే మెరినో కూడా నీళ్ల గుడ్డ అయిపోతుంది. ఆయన ఎక్కేటప్పుడు పాలిస్టర్ వేసుకుని, పొడి మెరినో ఒకటి పాలిథిన్ కవర్లో చుట్టి జెర్సీ వెనక జేబులో పెట్టుకుంటాడు. పైకి చేరగానే, ఒంట్లో వేడి తగ్గకముందే మార్చేస్తాడు. బరువు 150 గ్రాములకి అటూ ఇటూ. దిగడం మొదలుపెట్టాక మారుద్దాంలే అనుకుంటే ఆ పని కాదు, వేళ్లు కొంకర్లు పోయి జిప్ కూడా లాగలేం. రెండూ కొనగలిగితే అందరికీ నేను చెప్పేది ఇదే పద్ధతి.

రోజుల తరబడి తొక్కే ప్రయాణమైతే ఆలోచించకుండా మెరినో. కారణం చలి ఒక్కటే కాదు, కంపు. పాలిస్టర్ చెమటలోని జిడ్డుని పట్టుకుని కూర్చుంటుంది, రెండో రోజుకే మన పక్కన ఎవరూ కూర్చోరు. మనాలి నుంచి లేహ్ వెళ్లినప్పుడు రెండు మెరినో బనియన్లు మార్చి మార్చి వేసుకున్నాను. సర్చూ గుడారంలో స్నానం అన్న మాటే లేదు. అయినా 5,300 మీటర్ల పైన ఉండే తంగ్లాంగ్ లా కనుమ చేరేదాకా గుడారంలో నా పక్కన పడుకున్నావిడ ముక్కు మూసుకోలేదు. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉంటున్న మా తమ్ముడూ ఇందుకే మెరినో వేసుకుంటాడు. ఇరవై నిమిషాలు తొక్కి ఆఫీసుకెళ్లి, రోజంతా అదే చొక్కాతో మీటింగుల్లో కూర్చోవాలి కదా.

కొనేటప్పుడు లేబుల్ తిప్పి చూడండి. ముందు వైపు పెద్ద అక్షరాలతో మెరినో అని ఉంటుంది, లోపల చూస్తే 20 శాతమే ఉన్ని. నాకు ఒకసారి ఆన్‌లైన్‌లో కొన్నదాని మీద అనుమానం వచ్చింది. లోపలి కుట్టు పక్కన బట్టలోంచి ఒక పోగు లాగి, ప్లక్కర్‌తో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్లతో అంటించాను. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్లటి బూడిద వేళ్ల మధ్య నలిగి పొడైపోతుంది. నాది కరిగి, ముడుచుకుని, ఆవగింజంత గట్టి పూస అయింది. పక్కా పాలిస్టర్. డబ్బు వెనక్కి రావడానికి నెల పట్టింది. అలాగని కొద్దిగా నైలాన్ కలిపితే మోసం అనుకోకండి. 10, 15 శాతం నైలాన్ ఉన్న మెరినో బ్యాగు పట్టీల కింద ఎక్కువ కాలం బతుకుతుంది. పల్చటి అసలు మెరినో అక్కడే ముందు అరిగి చిల్లు పడుతుంది.

ఒంటికి అతుక్కుని ఉండాలి. వదులుగా ఉంటే ఏ బట్టా చెమటని లాగదు. షాపులో నిటారుగా నిలబడి చూసుకుని వచ్చేయకండి, హ్యాండిల్ పట్టుకున్నట్టు వంగి చూడండి. నడుము వెనక బయటపడితే పొడుగు చాలదు. భుజం మీద సరిగ్గా పట్టీ పడే చోట కుట్టు లేకుండా చూసుకోండి. ఆడవాళ్లకి ఇంకో మాట: పైన ఎంత ఖరీదైన మెరినో వేసుకున్నా లోపల కాటన్ స్పోర్ట్స్ బ్రా ఉంటే డబ్బు నీళ్లలో పోసినట్టే. తడి గుడ్డ ఛాతీకే అంటుకుని ఉంటుంది. ముందు దాన్ని మార్చండి. నాకు ఈ విషయం తెలియడానికి రెండు చలికాలాలు పట్టింది.

ఉతకడం దగ్గర నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. నా మొదటి మెరినోని దుప్పట్లతో కలిపి వేడినీళ్లలో మిషన్‌కి వేశాను. బయటికి తీస్తే మా పదేళ్ల అమ్మాయికి సరిపోయింది. వేడీ, రాపిడీ కలిస్తే ఉన్ని పోగులు ఒకదానికొకటి చిక్కుకుని బట్ట దట్టంగా ముడుచుకుపోతుంది, ఇక సాగదు. ఇప్పుడు చన్నీళ్లలో కుంకుడురసం వేసి చేత్తో జాడిస్తాను, పట్టుచీరలకి చేసినట్టే. ఎంజైములున్న డిటర్జెంటు వద్దు, బ్లీచ్ అసలే వద్దు. ఉన్ని కూడా మన వెంట్రుకలాగా ప్రొటీనే, తినేస్తాయి. పిండి మెలితిప్పకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, పరిచి ఆరేస్తాను. పాలిస్టర్‌కి ఇంత సేవ అక్కర్లేదు, ఫ్యాబ్రిక్ కండిషనర్ మాత్రం వెయ్యకండి. పోగుల మధ్య సందులు పూడిపోయి చెమట లాగడం మానేస్తుంది. ఎంత ఉతికినా వాసన పోకపోతే కాస్త వెనిగర్ కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి ఉతుకుతాను.

చలికాలం అయిపోయాక మెరినోని చెమట లేకుండా ఉతికి, బాగా ఆరబెట్టి, జిప్ కవర్లో పెట్టి బీరువాలో దాచాలి. మురికిగా పెడితే పురుగు పడుతుంది. నా పాతదానికి మోచేతి దగ్గర రెండు చిల్లులు అలాగే పడ్డాయి. రఫూ చేయించి వేసుకుంటున్నాను, ఈ డిసెంబరుకి కూడా అదే.