నాలుగున్నరకే చీకటి పడే ఊళ్లో చలికాలం గట్టెక్కడం ఎలా

అనంతపురంలో పెరిగినవాళ్లకి ఎండంటే తప్పించుకు తిరగాల్సినదే. తలకి తువ్వాలు చుట్టుకోవడం, మిట్టమధ్యాహ్నం కిటికీలు మూసేయడం, చెట్టు నీడ వెతుక్కుని బండి ఆపడం. ఆ అలవాట్లతోనే అమెరికాలో సియాటిల్ పక్కన రెడ్మండ్‌కి వచ్చిన నాకు, ఎండ లేకపోతే మనిషి ఎలా అయిపోతాడో అర్థం కావడానికి రెండు చలికాలాలు పట్టింది. ఈ ఏడాదే కొత్తగా వచ్చినవాళ్లు ఇది అక్టోబర్‌లోపే చదివి మొదలుపెడితే ఆ రెండేళ్ల అవస్థ మీకు తప్పుతుంది.

చలికాలం అనగానే మనవాళ్లు ముందు కోటు కొనేస్తారు. నిజానికి సియాటిల్ చలి మరీ భయపడేంత చలేం కాదు, డిసెంబర్‌లో పగటిపూట 7, 8 డిగ్రీలుంటుంది. వాన కూడా అంతే, ఏడాదంతా కలిపి చూస్తే న్యూయార్క్‌లో పడేదానికంటే ఇక్కడ తక్కువే పడుతుంది. కాకపోతే అది కుండపోతగా కురిసి వెలిసిపోయే వాన కాదు, ముసురు. మన దగ్గర తుఫానుకి మూడు రోజులు ముసురు పట్టి, నాలుగో రోజు ఎండ కాస్తే ఊరంతా బట్టలారేస్తారు చూడండి, ఇక్కడ ఆ నాలుగో రోజు నెలల తరబడి రాదు. దానికి తోడు డిసెంబర్ 21న సూర్యుడు పొద్దున దాదాపు 7:55కి వచ్చి సాయంత్రం 4:20కల్లా వెళ్లిపోతాడు. అదే రోజు హైదరాబాద్‌లో 11 గంటల పగలుంటే ఇక్కడ ఎనిమిదిన్నర గంటలు కూడా ఉండదు, అది కూడా మబ్బుల వెనకాల. కాబట్టి మన అసలు సమస్య వెలుతురు.

వెలుతురు తగ్గితే ఏమవుతుందో నా సంగతే చెప్తాను. రెండో ఏడాది జనవరిలో ఒక ఆదివారం పదకొండింటికి లేచి ఇడ్లీ పిండి గిన్నె మూత తీశాను. రాత్రి ఎలా రుబ్బి పెట్టానో అలాగే ఉంది, ఒక్క బుడగ లేదు, పులిసిన వాసన లేదు. ఆ గిన్నె ముందు నిలబడి ఏడ్చాను. అప్పటికి వారాలుగా పది గంటలు పడుకున్నా నిద్ర చాలేది కాదు, అన్నం, బ్రెడ్, స్వీట్ల మీదకే మనసు పోయేది, ఎవరైనా భోజనానికి పిలిస్తే ఏదో ఒక వంక చెప్పేదాన్ని. ఆఫీసు టెన్షన్ అనుకున్నాను, ఇంటి మీద బెంగ అనుకున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్తే ప్రతి చలికాలం ఇలాగే ఉంటోందా అని అడిగి, దీనికి పేరుందని చెప్పారు. సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్, అంటే కాలంతో పాటు వచ్చిపోయే డిప్రెషన్. నార్మన్ రోసెంథాల్ అనే డాక్టర్, ఆయన బృందం 1984లోనే దీని గురించి రాశారట. పేరు తెలిసేసరికే సగం భయం పోయింది, ఎందుకంటే అప్పటిదాకా నేనే బద్ధకస్తురాలిని అయిపోయాననుకుంటున్నాను.

ఇక చేయాల్సినవి. అన్నిటికంటే ముందు, నిద్ర లేచిన గంటలోపు కళ్లకి వెలుతురు తగలాలి. వెలుతురు కంట్లో పడితేనే మెదడులోని గడియారానికి తెల్లారిందని తెలిసి, నిద్ర తెప్పించే మెలటోనిన్ తగ్గుతుంది. మన ఇంట్లో లైట్లన్నీ వేసినా 300, 500 లక్స్ (వెలుతురుకి కొలత) మించదు, బయట మబ్బు పట్టిన పగలు కూడా అంతకి ఎన్నో రెట్లు వెలుతురుంటుంది. అందుకే మబ్బుగా ఉంది కదా బయటికెళ్లి ఏం లాభం అనుకోవద్దు. తెల్లారాక ఇరవై నిమిషాలు, కాఫీ చేత్తో పట్టుకునైనా సరే, నడవండి. గొడుగు పెద్దగా పనికి రాదు, తుంపర పక్కనుంచి కొడుతుంది. ఇక్కడివాళ్లలాగా తల కప్పే రెయిన్ జాకెట్, నీళ్లు లోపలికి రాని బూట్లు కొనుక్కోండి. డబ్బులు పెట్టాల్సింది బూట్ల మీదే. ఒక్కసారి సాక్సులు తడిశాయంటే మర్నాడు ఇంక బయటికి వెళ్లరు.

చీకట్లోనే లేవాల్సినవాళ్లు లైట్ థెరపీ ల్యాంప్ తీసుకోవాలి. 10,000 లక్స్ ఉండాలి, యూవీ కిరణాలు రాకుండా ఉండాలి, పొద్దున 20 నుంచి 30 నిమిషాలు దాని ముందు కూర్చోవాలి. తదేకంగా లైట్‌లోకి చూడక్కర్లేదు, కొంచెం పక్కకి పెట్టుకుని టిఫిన్ తినండి, పేపర్ చదువుకోండి, వెలుతురు ముఖం మీద పడితే చాలు. కొనేముందు ఎంత దూరంలో 10,000 లక్స్ వస్తుందో తప్పకుండా చూడండి. నేను మొదట కొన్న చిన్న ల్యాంప్ డబ్బా మీద 10,000 అనే ఉంది, తీరా చూస్తే అది జానెడు దూరంలో కూర్చుంటేనట. అలా ముక్కు ఆనించుకుని రోజూ అరగంట ఎవరు కూర్చోగలరు? మూరెడు దూరం నుంచి పనిచేసే పెద్దది కొన్నాకే, దాదాపు రెండు వారాలకి, పొద్దున అలారం మోగితే చిరాకు పడకుండా లేవడం మొదలైంది. సాయంత్రాలు మాత్రం వాడొద్దు, నిద్ర చెడుతుంది. బైపోలార్ ఉన్నవాళ్లు, రెటీనా జబ్బులున్నవాళ్లు, ఒంటికి, కళ్లకి వెలుతురు పడకుండా చేసే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు.

విటమిన్ డి సంగతి వేరు, రెండూ ఒకటే అనుకునేవాళ్లు మనలో చాలామంది. అది చర్మం మీద పడే ఎండతో తయారవుతుంది. ఇంత ఉత్తరాన చలికాలంలో సూర్యుడు బాగా కిందికి ఉండడం వల్ల, ఎండ కాసినా అది దాదాపు తయారు కాదు, మన చామనఛాయ ఒంటికి మరీ కష్టం. రక్త పరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్పినంత వేసుకోండి. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న 60,000 యూనిట్ల సాచెట్లు వారం వారం సొంతంగా తాగేవాళ్లని చూశాను, దయచేసి అలా చేయకండి. అమెరికాలో పెద్దవాళ్లకి 70 ఏళ్లదాకా రోజుకి 600 యూనిట్లు చాలంటారు, డాక్టర్ చెప్పకుండా రోజుకి 4,000 దాటొద్దంటారు.

సాయంత్రాలు ఇంకో గండం. నాలుగున్నరకి చీకటి పడగానే ఒంటికి రాత్రి అయిపోయిందనిపిస్తుంది, సోఫాలో పడ్డామంటే లేవం. మనసుకి తోచినప్పుడు వెళ్దాంలే అంటే ఏ రోజూ తోచదు, అందుకే ముందే ఎవరికో ఒకరికి మాటివ్వాలి. నేను మంగళవారం, గురువారం షటిల్‌కి ముగ్గురితో కలిసి కోర్టు బుక్ చేసి పెట్టుకున్నాను, నేను రాకపోతే వాళ్ల ఆట చెడుతుంది కాబట్టి వెళ్లి తీరాలి. మిగతా రోజుల్లో ఆరున్నరకి అమ్మకి వీడియో కాల్. ఇక్కడ చలికాలంలో ఆరున్నరంటే అక్కడ మర్నాడు పొద్దున ఎనిమిది. నా కిటికీలో చీకటి, ఆవిడ వెనకాల డాబా మీద ఎండ, ధనుర్మాసంలో వాకిట్లో వేసిన ముగ్గు ఇంకా ఆరుతూ. మొదట్లో అది చూస్తే బెంగ ఎక్కువయ్యేది, ఇప్పుడు ఆ పావుగంట కోసమే ఎదురు చూస్తాను.

వారాంతం కుదిరితే వాలంటీర్ పార్క్‌లోని గాజు ఇంటికి వెళ్లండి, లోపల అరటి ఆకుల లాంటి పెద్ద ఆకులు, వెచ్చటి గాలి. లేదా స్నోక్వాల్మీ పాస్ దాటి ఎలెన్స్‌బర్గ్ వైపు వెళ్లండి, మబ్బుల్ని కొండలే ఆపేస్తాయి కాబట్టి అవతల ఎండ దొరికే అవకాశం ఎక్కువ. ముందు రోడ్డు మీద మంచు ఎలా ఉందో చూసుకోవాలి. ఇడ్లీ పిండికైతే రాత్రంతా ఓవెన్‌లో లైట్ మాత్రం వేసి పెట్టండి, పొద్దునకి పొంగుతుంది.

ఇవన్నీ చేసినా రెండు వారాలకి పైగా దేని మీదా మనసు లేకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మందులున్నాయి, దీనికోసమే చేసే కౌన్సెలింగ్ కూడా ఉంది. బతకాలని లేదనిపిస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా 988కి, అంటే ఇలాంటప్పుడు ఆదుకునే అమెరికా హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి, లేదా మెసేజ్ పెట్టండి, ఏ వేళలోనైనా పలుకుతారు. వీసా, ఉద్యోగం, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో అని ఆగిపోవద్దు.

చివరగా ఒక తేదీ రాసి పెట్టుకోండి. సియాటిల్‌లో అన్నిటికంటే తొందరగా చీకటి పడేది డిసెంబర్ 21న కాదు, 11, 12 తేదీల్లోనే. ఆ తర్వాత చీకటి పడడం కొద్దికొద్దిగా ఆలస్యమవుతూ పోతుంది. సంక్రాంతికి పావు తక్కువ ఐదు, రథసప్తమి నాటికి ఐదు, ఆపైన. మధ్యలో ఏ రోజైనా మబ్బు విడి ఎండ పొడ కనిపిస్తే, స్టవ్ ఆపేసి, మీటింగ్‌లో ఉంటే ఫోన్ చెవికి పెట్టుకుని, వెంటనే బయటికి వెళ్లండి. పది నిమిషాల్లో మళ్లీ మూసుకుపోవచ్చు.