ముందు వైర్ల సొరుగు

ఇల్లు సర్దాలనుకుంటే బీరువాతో మొదలుపెట్టకండి. పాత ఛార్జర్లు, వైర్లు కుక్కిన సొరుగు ఉంటుంది చూడండి, ముందు దాన్ని నేలమీద బోర్లించండి. ఏ వైరు దేనిదో జత కలపండి. అడాప్టరు అయితే పిన్ను పట్టింది కదా అని పెట్టేయకుండా, దానిమీదున్న వోల్టేజీ వస్తువుమీద రాసినదానితో సరిపోయిందో లేదో చూడండి. జత కుదిరిన ప్రతిదానికీ కొసన కాగితం టేపు చుట్టి పేరు రాయండి. అసలు కిటుకు ఈ రాయడమే, నేను రాయని ప్రతిసారీ మళ్లీ అదే చిక్కుముడి అయింది.

జత దొరకనివి ఒక సంచిలో వేసి, తేదీ రాసి 3 నెలలు ఆగండి. అప్పటికీ ఎవరూ వెతకకపోతే ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి. లిథియం బ్యాటరీలుంటే మాత్రం కొనలకి టేపు అంటించి విడిగా ఉంచండి, లోహం తగిలి షార్ట్ అయితే నిప్పంటుకోవచ్చు.